అంతర్జాలపు అంగడిలో మెలకువ

బియ్యము కొనబోయినవాడు గుప్పెడు గింజలు అరచేతిలో పోసికొని చూచును. ఒక గింజను పంట కొరికి పాతవో క్రొత్తవో తెలిసికొనును. చీర కొనబోయిన ఇల్లాలు అంచును వ్రేళ్ల నడుమ నలిపి, వెలుతురులోనికి తెచ్చి, రంగు నిలుచునా అని అడుగును. తూకపు రాళ్లపై ప్రభుత్వపు ముద్ర ఉన్నదా లేదా అని చూచువారును కలరు. వీటన్నిటికంటె పెద్ద పూచీ మరియొకటి ఉన్నది. ఆ అంగడివాడు రేపును ఆ వీథిలోనే కూర్చుండును. మోసము చేసినచో పదిమందిలో నిలదీయవచ్చును. బేరములో మెలకువ అని మన పెద్దలు దేనిని అనిరో అది ఈ కన్నులమీదను, ఈ వ్రేళ్లమీదను, ఈ ఇరుగుపొరుగులమీదను ఆధారపడినది.

నేడు విద్యుత్తు బిల్లు, రైలు టికెట్టు, మందులు, పిల్లల పరీక్ష రుసుము, దేవుని దర్శనము, ఇవి యన్నియు సెల్‌ఫోను అద్దముమీదనే జరిగిపోవుచున్నవి. ఇచ్చట గింజ కొరుకుటకు వీలులేదు. అంగడివాని ముఖము కనబడదు. ఆ అంగడి నిన్న రాత్రి వెలసినదో, ఇరువది యేండ్లనుండి నడచుచున్నదో పైకి తెలియదు. రెండును ఒకే తీరున మెరయుచుండును. ఇది చూచి కొందరు భయపడి దూరముగా నుందురు. మరికొందరు కనబడిన దానినెల్ల నొక్కుదురు. రెండును సరియైన త్రోవలు కావు.

మేము చెప్పదలచినది ఇది: మెలకువ యొక్క అవసరము పోలేదు, పరీక్షింపవలసినది మాత్రము మారినది. పూర్వము సరకును పరీక్షించితిమి. ఇప్పుడు సరకుకంటె ముందు ద్వారమును పరీక్షింపవలెను. ఎవరు ముందు పిలిచిరి? వారు చూపిన ద్వారము ఎవరిది? మనలను ఏల తొందరపెట్టుచున్నారు? ఈ మూడు ప్రశ్నలు వేసికొన్న గృహస్థుని మోసగించుట కష్టము. వీనికి యంత్రశాస్త్రము తెలియనక్కరలేదు. చదువను వ్రాయను వచ్చిన ప్రతివారికిని ఇవి అందుబాటులో నున్నవే.

ఎవరు ముందు పిలిచిరి?

మధ్యాహ్నము ఇంటిలో ఒంటరిగా నున్న పెద్దవారి సెల్‌ఫోనునకు ఒక సందేశము వచ్చును. గత నెల విద్యుత్తు బిల్లు చెల్లలేదనియు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు కనెక్షను తొలగింతురనియు, వెంటనే క్రింది నంబరునకు మాటలాడవలెననియు అందులో నుండును. క్రింద పది అంకెల నంబరు ఒకటి. ఇట్టి సందేశమును మీలో పలువురు చూచియే యుందురు. బిల్లు చెల్లించినవారు సైతము ఒక్క క్షణము తడబడుదురు. పొరపాటున నమోదు కాలేదేమో, చూచిన తప్పేమి అని ఆ నంబరును పిలుతురు. అవతలివాడు మిక్కిలి మర్యాదగా మాటలాడును. పది రూపాయలు మాత్రము కట్టుమనును. దానికొక యాప్‌ను దింపుకొమ్మనును. ఆ యాప్ మన ఫోను అద్దమును అతనికి చూపు కిటికీ. అటుపిమ్మట మనము నొక్కు ప్రతి అంకెయు అతని కంటబడును. పది రూపాయలతో మొదలైనది ఖాతా ఖాళీయగుటతో ముగియును.

ఈ సందేశములో మూడు వస్తువులు కలిసి యున్నవి గమనింపుడు: ఒక భయము, ఒక గడువు, వారు చూపిన ఒక దారి. ఈ మూడును కలిసి వచ్చినప్పుడు దానిని మోసమనియే ఎంచవలెను. పేర్లు మారవచ్చును. బ్యాంకు ఖాతా నిలిచిపోవుననవచ్చును. పార్సెలులో మత్తుమందు దొరికినదనవచ్చును. పోలీసు దుస్తులు ధరించినవాడు వీడియోలో కనబడి ‘డిజిటల్ అరెస్టు’ చేసితిమనవచ్చును. ఫోనులో అరెస్టు చేయుట అనునది మన చట్టములో లేనే లేదు. విద్యుత్తు విషయమునను అంతే. బాకీ ఉన్న వినియోగదారునికి పదునైదు దినములకు తక్కువ కాకుండ వ్రాతపూర్వకమైన నోటీసు ఇచ్చినగాని సరఫరా తొలగింపరాదని 2003 నాటి విద్యుత్ చట్టము 56వ సెక్షను చెప్పుచున్నది. ఈ రాత్రియే తొలగింతుమను మాట వినగానే అది సంస్థ మాట కాదని దీనివలన తెలిసికొనవచ్చును.

దీనికి మందు చాల సులభమైనది. సందేశములోని దారిని విడిచి, మనకు ముందే తెలిసిన దారిన పోవుట. విద్యుత్తు బిల్లుమీద సంస్థ నంబరు అచ్చయి యున్నది. బ్యాంకు కార్డు వెనుకను, పాసుపుస్తకముమీదను బ్యాంకు నంబరు ఉన్నది. ఆ నంబరునకు మనమే పిలిచి అడిగినచో రెండు నిమిషములలో నిజము తేలిపోవును. పిలిచినవాడు నిజమైనవాడే అయినచో, మనము సంభాషణను ఆపి తిరిగి పిలుచుటవలన అతనికి వచ్చు నష్టమేమియు లేదు. మోసగానికి మాత్రమే అది సహింపరానిది. “ఫోను పెట్టవద్దు, ఎవరితోను చెప్పవద్దు” అని అతడు పట్టుపట్టుట అందుచేతనే. ఆ పట్టుదలయే అతనిని పట్టియిచ్చు గుర్తు.

సంస్థలు పంపు సందేశములకు పైన పది అంకెల నంబరు గాక, అక్షరములతో కూడిన ఒక సంకేతనామము ఉండును. 2025వ సంవత్సరమునుండి ఆ నామము చివర ఒక గీత గీసి ఒక అక్షరమును చేర్చు పద్ధతి వచ్చినది. ప్రకటనయైనచో ‘పి’, సేవకు సంబంధించినచో ‘ఎస్’, లావాదేవీయైనచో ‘టి’, ప్రభుత్వ సందేశమైనచో ‘జి’. బ్యాంకుపేరుతో మాటలాడుచు పది అంకెల సాధారణ నంబరునుండి వచ్చు సందేశము అనుమానింపదగినది. అయినను ఈ గుర్తులు సహాయము మాత్రమే. మనమెరిగిన దారిన పోవుటకు ఇవి బదులు కావు.

ఇచ్చట మరియొక చిక్కు ఉన్నది. “మేము సందేశములను నమ్మము; అంతర్జాలములో స్వయముగా వెదకుకొందుము” అను జాగరూకులు కలరు. వెదకుయంత్రము చూపు జాబితాలో మొదట కనబడునది ఎల్లప్పుడును ఉత్తమమైనది కాదు. సొమ్ము చెల్లించి పై వరుసలో చేరిన ప్రకటనయు కావచ్చును. సహాయకేంద్రమని ఎవడో మోసగాడు తన నంబరును వ్రాసియుంచవచ్చును. పార్సెలు అందలేదని, డబ్బు తిరిగి రాలేదని ఆత్రముతో వెదకువారే ఆ వలలో పడుదురు. కనుక వెదకినను చాలదు. దొరికిన చిరునామాను చదువుట తెలియవలెను.

చిరునామాను చదువుట

ఉత్తరముమీద మనము చిరునామాను ఎట్లు వ్రాయుదుము? మొదట పేరు, తరువాత ఇంటి నంబరు, వీథి, ఊరు, చివరకు జిల్లా, రాష్ట్రము. తపాలావారు దానిని చివరినుండి చదువుదురు. ముందు రాష్ట్రము చూతురు, తరువాత జిల్లా, ఆపై ఊరు. ఉత్తరము చేరు చోటును నిర్ణయించునది చివరి పంక్తులే. వెబ్‌సైటు చిరునామాయు ఇట్టిదే. అది చుక్కలతో విడదీసిన మాటల వరుస. మొదటి ఏటవాలు గీత వచ్చువరకే అసలు చిరునామా. ఆ తరువాత నున్నది ఇంటి లోపలి గదుల పేర్లు. అసలు చిరునామాను కుడినుండి ఎడమకు చదువవలెను.

తిరుమల దర్శనపు టికెట్ల విషయము మన తెలుగు కుటుంబములన్నిటికిని తెలిసినదే. దానినే ఉదాహరణగా తీసికొందము. దేవస్థానమువారు 2024 జనవరిలో తమ వెబ్‌సైటు పేరును మార్చి, ‘టీటీదేవస్థానమ్స్ చుక్క ఏపీ చుక్క గవ్ చుక్క ఇన్’ అని ఏర్పరచిరి. దీనిని కుడినుండి చదువుదము. ‘ఇన్’ అనగా భారతదేశము. ‘గవ్’ అనగా ప్రభుత్వము. జి, ఓ, వి అను మూడు అక్షరములు. ‘ఏపీ’ అనగా ఆంధ్రప్రదేశ్. ఆపైన దేవస్థానము పేరు. ‘గవ్ చుక్క ఇన్’ అను ముగింపు ప్రభుత్వ సంస్థలకే కేటాయింపబడును. సొమ్ము చెల్లించినంతమాత్రమున ఎవరికిని అది దొరకదు. కనుక బలము ఈ ముగింపులో నున్నదిగాని ముందున్న స్వామివారి పేరులో లేదు. స్వామివారి పేరును, గోపురపు చిత్రమును, శంఖచక్రములను ఎవడైనను తన వెబ్‌సైటుమీద పెట్టుకొనవచ్చును. అట్లు పెట్టుకొని భక్తులను మోసగించిన నకిలీ వెబ్‌సైట్లపై దేవస్థానమువారు పలుమార్లు పోలీసులకు ఫిర్యాదు చేసిరి. ‘ఏపీగవ్’ అను అక్షరములు చిరునామా నడుమ ఎచ్చటనో కనబడి, చివర ‘కామ్’ అనియో ‘ఆన్‌లైన్’ అనియో ముగిసినచో అది ప్రభుత్వపు ద్వారము కాదు. ఎన్నియో నెలలు కూడబెట్టుకొని, ముసలి తల్లిదండ్రులను వెంటబెట్టుకొని కొండ యెక్కిన కుటుంబమునకు, తమ చేతిలోని టికెట్టు చెల్లదని వరుసలో నిలిచిన తరువాత తెలియుట ఎట్టి క్లేశమో ఊహింపవచ్చును.

బ్యాంకులకును ఇట్టి ప్రత్యేకమైన ముగింపు ఏర్పడినది. ‘బ్యాంక్ చుక్క ఇన్’ అను ముగింపును భారతదేశములోని బ్యాంకులకు మాత్రమే కేటాయించునట్లు రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో ప్రకటించెను. బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31 లోపల దానికి మారవలెనని ఆదేశించెను. ఈ పేర్లను నమోదు చేయు బాధ్యత హైదరాబాదులోని బ్యాంకింగు సాంకేతిక పరిశోధనాసంస్థకు అప్పగింపబడినది. ఇకమీద బ్యాంకుపేరుతో ఒక పుట తెరచుకొన్నప్పుడు ముందుగా చూడవలసినది ఈ ముగింపునే.

వర్తకుల వెబ్‌సైట్లకు ఇట్టి రక్షణ లేదు. ‘కామ్’ అనియో ‘ఇన్’ అనియో ముగియు పేర్లను ఎవరైనను కొద్ది సొమ్ముతో కొనవచ్చును. అచ్చట ముగింపునకు సరిగా ముందున్న మాటయే యజమాని పేరు. ‘కో చుక్క ఇన్’ వలె రెండు మాటలు ముగింపులో నున్నచో, వాటికి ముందరి మాటను చూడవలెను. ప్రసిద్ధమైన అంగడి పేరు ఎడమవైపున ఎచ్చటనో ఉండి, ముగింపునకు ముందు వేరొక మాట ఉన్నచో ఆ అంగడికిని ఆ ద్వారమునకును సంబంధము లేదు. ఒక అక్షరమును రెండుమార్లు వ్రాయుట, ‘ఓ’ అను ఆంగ్లాక్షరమునకు బదులు సున్న పెట్టుట మొదలైన గారడీలును కలవు. అందుచేత తరచుగా పోవు వెబ్‌సైట్ల చిరునామాలను ఒకమారు సరిచూచి బ్రౌజరులో గుర్తుపెట్టుకొని, ఎల్లప్పుడును అచ్చటినుండియే పోవుట మేలు.

చిరునామా ప్రక్కన నుండు తాళపుబొమ్మను గురించి ఒక మాట. తాళము ఉన్నది గనుక వెబ్‌సైటు నమ్మదగినదని చాలమంది తలంతురు. ఆ తాళమునకు అర్థము వేరు. మన ఫోనునకును ఆ వెబ్‌సైటునకును నడుమ పోవు సమాచారము త్రోవలో ఇతరులు చదువలేని రహస్యలిపిలో నున్నదని మాత్రమే అది చెప్పును. అవతల కూర్చున్నవాడు దొరయో దొంగయో అది చెప్పదు. దొంగతో రహస్యముగా మాటలాడినను అతడు దొంగయే. అట్టి తాళపుపత్రము ఉచితముగానే లభించుచున్నది గనుక మోసగాండ్రును దానిని తెచ్చుకొందురు. ప్రజలు దీనిని అపార్థము చేసికొనుచున్నారని గ్రహించియే గూగుల్ సంస్థ 2023లో తన క్రోమ్ బ్రౌజరునుండి తాళపుబొమ్మను తొలగించి మరియొక గుర్తును పెట్టెను.

సొమ్ము కదలు సమయము

యూపీఐ పద్ధతి 2016లో వచ్చినది. కూరగాయల బండి మొదలు నగల అంగడి వరకు నేడు అది వ్యాపించినది. దానిని గురించి ఒక్క సూత్రము కంఠస్థము చేసికొన్నచో చాలును: పిన్ నొక్కుట అనగా సొమ్ము ఇచ్చుటయే. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. క్యూఆర్ గుర్తును స్కాన్ చేయనక్కరలేదు. పాత మంచమును అమ్ముదుమని ప్రకటించినవారికి ఒకడు ఫోను చేసి, బేరమాడకయే ఒప్పుకొని, “ఈ గుర్తును స్కాన్ చేసి పిన్ నొక్కుడు, డబ్బు మీ ఖాతాలో పడును” అనును. పడదు, పోవును. బేరమాడని కొనుగోలుదారుని చూచినప్పుడే మనకు అనుమానము రావలసియున్నది.

ఓటీపీ అనునది మన చేవ్రాలు వంటిది. ఖాళీ కాగితముపై చేవ్రాలు చేసి అపరిచితునికి ఇయ్యము గదా. బ్యాంకు ఉద్యోగి యైనను, పోలీసు అధికారి యైనను, పార్సెలు తెచ్చితిననువాడైనను, ఫోనులో అడిగినప్పుడు దానిని చెప్పుట దొంగచేతికి తాళపుచెవి ఇచ్చినట్లే. పార్సెలును చేతికి అందించునప్పుడు కొన్ని సంస్థలు ఒక సంఖ్యను అడుగుట నిజమే. ఆ సంఖ్య దేనికి వచ్చినదో సందేశమును పూర్తిగా చదివి, సరకు చేతికందిన తరువాతనే చెప్పవలెను.

ఈ మధ్య వ్యాపించిన మరియొక పద్ధతి ‘ఏపీకే’ అను ఫైలు. పెండ్లి శుభలేఖ అనియో, వాహనపు చలానా అనియో, ప్రభుత్వ పథకపు జాబితా అనియో అది సందేశముగా వచ్చును. తెలిసినవారి నంబరునుండియే రావచ్చును, ఏలయన వారి ఫోను ముందే మోసగాని వశమైయుండవచ్చును. శుభలేఖ చిత్రముగానో కాగితపు ప్రతిగానో వచ్చునుగాని యాప్‌గా రాదు. ఆ ఫైలును తెరచి స్థాపించుకొన్నచో అది మన సందేశములను చదివి ఓటీపీలను బయటికి పంపగలదు. యాప్‌లను ఫోనులోని అధికారిక భాండారమునుండి తప్ప మరియొక చోటినుండి దింపుకొనరాదు.

నిజమైన అంగడిలోని తంత్రములు

ఇంతవరకు దొంగ ద్వారములను గురించి చెప్పితిమి. నిజమైన ద్వారములోనికి ప్రవేశించిన తరువాతను మెలకువ వలయును. “ఇక రెండే మిగిలినవి, పదినిమిషములలో ధర పెరుగును” అని ఎఱ్ఱని అక్షరములు పరుగెత్తుచుండును. మనము కోరని బీమాయో దానమో బిల్లులో చేరియుండును. మొదట చూపిన ధరకు చివర రుసుములు ఒకటొకటిగా తోడగుచుండును. చందాలో చేరుటకు ఒక్క నొక్కు చాలును; మానుటకు పది గదులు తిరుగవలెను. ఇట్టి తంత్రములను ‘చీకటి పోకడలు’ అనవచ్చును. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ 2023 నవంబరు 30న పదుమూడు విధములైన ఇట్టి పోకడలను పేర్కొని నిషేధించెను. లేని కొరతను చూపి తొందరపెట్టుట, అడుగకుండ బుట్టలో సరకు చేర్చుట, చందా ఉచ్చు, ధరను దాచి కొంచెము కొంచెముగా బయటపెట్టుట మొదలైనవి వానిలోనివి.

2020 జూలైలో అమలులోనికి వచ్చిన ఈ-వాణిజ్య నియమములును గృహస్థునకు తెలిసియుండదగినవి. వేదికపై సరకు అమ్ము వర్తకుని పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరములు కొనుగోలుదారునికి కనబడవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయవలెను. నెలలోపల దానిని పరిష్కరింపవలెను. కొనుగోలుదారుని సమ్మతిని ముందే గుర్తు పెట్టిన గడులద్వారా తీసికొనరాదు. కనుక క్రొత్త అంగడిలో కొనుటకు ముందు పుట అడుగుభాగమునకు పోయి ఈ వివరములు ఉన్నవో లేవో చూడుడు. ఊరు, వీథి, ఫిర్యాదుల అధికారి లేని అంగడిలో ఎంత చవుకగా దొరికినను కొనకుండుటయే లాభము.

నక్షత్రముల లెక్కను చూచి మురిసిపోరాదు. కొనుగోలుదారులవలె నటించి అభిప్రాయములు వ్రాయువారు కలరు; అది నియమవిరుద్ధమైనను పూర్తిగా ఆగలేదు. అయిదు నక్షత్రముల పొగడ్తలకంటె మూడు నక్షత్రములవారి మాటలలో వివరము ఎక్కువగా నుండును. ఒకే దినమున, ఒకే తీరు మాటలతో వచ్చిన పొగడ్తలను లెక్కలోనికి తీసికొనరాదు. మొదటి కొనుగోలు చిన్నదిగా చేయుట, వీలైనచోట సరకు అందిన తరువాతనే సొమ్ము చెల్లించుట మంచి అలవాట్లు.

నెలనెల ఖాతానుండి తీసికొను చందాల విషయమున, 2021 అక్టోబరునుండి ఒక రక్షణ ఉన్నది. కార్డుమీద స్వయముగా జరుగు చెల్లింపునకు కనీసము 24 గంటలకు ముందుగా ఖాతాదారునికి సందేశము రావలెను. ఆ సందేశమును చదువక తుడిచివేయువారే ఎక్కువ. ఉచితముగా ఒక నెల చూడుడని పిలిచిన సేవలో చేరిన నాడే, పంచాంగములో ముగింపు దినమును గుర్తుపెట్టుకొనుడు.

అప్పు ఇచ్చు యాప్‌లు

అయిదు నిమిషములలో అప్పు అను మాట మరింత ప్రమాదకరమైనది. 2020 డిసెంబరులో తెలంగాణలో ఇట్టి యాప్‌లవారి వేధింపులకు తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. ఆ యాప్‌లు ఫోనులోని నంబర్లన్నిటిని, చిత్రములను అపహరించి, బంధుమిత్రులకు అవమానకరమైన సందేశములు పంపెడివి. తరువాత రిజర్వు బ్యాంకు విచారణసంఘమును నియమించి, 2022 సెప్టెంబరులో నియమములను ప్రకటించెను. అప్పు సొమ్ము నేరుగా ఋణగ్రహీత ఖాతాలో పడవలెను. మొత్తము ఖర్చును తెలుపు పత్రమును ముందే ఇయ్యవలెను. ఫోనులోని పేర్ల జాబితాను, చిత్రములను యాప్ ముట్టరాదు. 2025నుండి అధికృత సంస్థల యాప్‌ల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో లభించుచున్నది. అందులో లేని యాప్‌నుండి అప్పు తీసికొనరాదు. అప్పు ఇచ్చుటకు ముందు రుసుము కట్టుమనువాడు అప్పు ఇచ్చువాడు కాడు.

పొరపాటు జరిగినచో

ఇంత చెప్పినను మోసము జరుగవచ్చును. అప్పుడు కాలమే ధనము. మోసగాడు సొమ్మును ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు, అచ్చటినుండి పది ఖాతాలకు కొద్ది సేపటిలో మార్చివేయును. అది దేశములోని బ్యాంకులలో నున్నంతవరకు ఆపుటకు వీలున్నది. దానికై 1930 అను నంబరు ఏర్పడియున్నది. ఆ నంబరునకు ఫోను చేసి ఏ ఖాతానుండి, ఎంత సొమ్ము, ఏ సమయమున పోయినదో, లావాదేవీ సంఖ్య ఏదో చెప్పినచో, ఆ సమాచారము సంబంధించిన బ్యాంకులకు చేరి సొమ్మును నిలిపియుంచు ప్రయత్నము జరుగును. కేంద్ర హోంశాఖవారి సైబర్ నేరముల పోర్టలులోను ఫిర్యాదు నమోదు చేయవచ్చును. అదే సమయమున బ్యాంకునకు తెలిపి ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనవలెను. సందేశములను, చిత్రములను తుడిచివేయరాదు, అవియే సాక్ష్యము.

బ్యాంకునకు వెంటనే తెలుపుటలో మరియొక ప్రయోజనము ఉన్నది. 2017లో రిజర్వు బ్యాంకు ఏర్పరచిన నియమముల సారము ఇట్టిది: ఖాతాదారుని తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేక, ఇతరులవలన సొమ్ము పోయినప్పుడు, సమాచారము అందిన మూడు పనిదినములలో బ్యాంకునకు తెలిపినచో ఖాతాదారునికి నష్టము అంటదు. ఖాతాదారుడే పిన్‌ను, ఓటీపీని చెప్పియున్నచో, తెలుపువరకు జరిగిన నష్టము అతనిదే. తెలిపిన తరువాత జరిగినది బ్యాంకుది. అనగా మన తప్పు ఉన్నప్పుడు సైతము ప్రతి నిమిషమునకును విలువ ఉన్నది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు చేసిన ఫిర్యాదువలన ఫలము స్వల్పము.

మోసము కాక, సరకు నాసిగా నుండుటయు, సొమ్ము తిరిగి ఇయ్యకుండుటయు జరిగినచో దారి వేరు. ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. ఫలము లేనిచో జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915నకు ఫోను చేయవచ్చును. ఆపై జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. వర్తకుడు ఢిల్లీలో నున్నను బెంగుళూరులో నున్నను, కొనుగోలుదారుడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చునని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము చెప్పుచున్నది. రెండు సంవత్సరముల లోపల చేయవలెను. శ్రీకాకుళములోని గృహిణి ఆదిలాబాదులోని రైతు వలెనే తన ఊరికి దగ్గరనే న్యాయమును అడుగవచ్చును.

ఇంటివారు చేయదగినది

ఫిర్యాదునకు పెద్ద అడ్డు సిగ్గు. విశ్రాంత ఉద్యోగియైన తండ్రి తన సొమ్ము పోయినదని కుమారునితో చెప్పుటకు సంకోచించును. కోడలు అత్తగారికి చెప్పుటకు వెఱచును. ఆ సంకోచములోనే గంటలు గడచిపోవును. పోయిన సొమ్మును రప్పించెదనని మరియొక మోసగాడు వచ్చి, రుసుము పేరిట మిగిలినదియు పట్టుకొనిపోవును. చదువుకొన్నవారు, అధికారులు, బ్యాంకులో పనిచేసినవారు సైతము మోసపోవుచున్నారు. ఇది తెలివికి సంబంధించినది కాదు, తొందరకు సంబంధించినది. కనుక ఇంటిలో ఎవరు వచ్చి చెప్పినను ముందు 1930నకు ఫోను చేయుడు. మందలింపులు తరువాత చూచుకొనవచ్చును. మందలింపునకు వెఱచి దాచిన గంటయే మోసగానికి లాభము.

పిల్లలు పెద్దలకు నేర్పునప్పుడు ఫోనును తాము తీసికొని పని ముగించి ఇచ్చుట పరిపాటి. దానివలన పెద్దలకు ఏమియు రాదు. వారి చేతనే చిరునామాను కుడినుండి ఎడమకు చదివింపుడు. ఒకమారు చదివినవారు మరల మరవరు. ఒక నిర్ణీతమైన మొత్తము మించిన చెల్లింపును ఇంటిలో మరియొకరితో చెప్పక చేయకూడదని కట్టుబాటు చేసికొనుడు. మోసగాడు కోరునది ఏకాంతము. ఆ కట్టుబాటు ఏకాంతమును తొలగించును.

రేడియో ప్రక్కనో, పూజగది గోడమీదనో ఒక అట్టపై ఈ నంబర్లు పెద్ద అక్షరములతో వ్రాసి తగిలింపుడు: మీ బ్యాంకుది, మీ విద్యుత్ సంస్థది, 1930, 1915. బ్యాంకు నంబరును కార్డు వెనుకనుండియు, విద్యుత్ సంస్థ నంబరును అచ్చయిన బిల్లునుండియు చూచి వ్రాయుడు. ఫోనులో వెదకి వ్రాయవలదు. ఆ అట్టను ఈ సాయంకాలమే వ్రాయుట మంచిది. అవసరము వచ్చిన నాడు వెదకుటకు తీరిక యుండదు.